లిఫ్టులో కాటా

ఆసుపత్రిలో బట్టలుతికే ఆవిడకు రోజుకు ఆరుసార్లు మొగుడితో మాట్లాడే వీలుండేది. ఆయన అక్కడే లిఫ్టు నడిపేవాడు. ఆవిడ పై అంతస్తులో మాసిన దుప్పట్లు మూటగట్టి, లిఫ్టులో ఉన్న కాటా మీద పెట్టి కిందికి దిగేది. ఆ పాత లిఫ్టులో తలుపు మూస్తేగాని దీపం వెలగదు. దీపం వెలగడం, లిఫ్టు కదలడం ఒకటే. అప్పుడే ముల్లు చూసి, "ఇరవై" అని చీటీ మీద రాసి, కబుర్లలో పడేది.

ఉతికే యంత్రం ఇరవై కిలోలకు మించి తీసుకోదు. ఆ వారం రెండుసార్లు మొరాయించింది. ఉతుకుడు పని చూసుకునే మేడం కింద ఇంకో కాటా మీద మూట తూచి చూస్తే ఇరవై రెండు!

"మీ ముచ్చట్లలో తూకం ఎక్కడ చూస్తావులే. రేపటినుంచి మూటలు ఇంకొకరు దింపుతారు. నువ్వు పైన మడతలు పెట్టుకో" అంది.

ఆవిడ ముఖం చిన్నబోయింది. ఇక ఈయన కనబడేది ఇంటి దగ్గరే, అదీ గురక పెడుతూ.

"ఏమే, కళ్లద్దాలు మార్చాలేమో" అన్నాడాయన.

"నా చూపుకేం? నిన్ను చేసుకున్నప్పుడే మందగించింది" అని కసిరి, తనే కాటా ఎక్కింది. "పోనివ్వు."

కదలగానే ముల్లు యాభై అయిదుకు పడింది. మధ్యలో అరవై. ఆగబోతుంటే అరవై అయిదు. ఆగాక మళ్లీ అరవై.

ఆయన బుర్ర గోక్కున్నాడు. "కాటా పలక నిన్ను ఎంత గట్టిగా మోస్తే ముల్లు అంతే చెబుతుందే. నీతోపాటు అదీ కిందికి జోరందుకుంటుంటే తక్కువ మోస్తుంది. ఆగేటప్పుడు నిన్నూ ఆపాలిగా, ఎక్కువ మోస్తుంది."

"మధ్యలో?"

"ఒకే జోరు. అసలు బరువు."

"ఇన్నేళ్లుగా ఈ డబ్బా నడుపుతూ ఇప్పుడా చెప్పేది?"

"నన్ను మాట్లాడనిస్తేగా!"

ఆవిడ మేడాన్ని బతిమాలి తీసుకొచ్చి కాటా ఎక్కించింది. లిఫ్టు కిందికి కదలగానే మేడం మురిసిపోయింది. "అరవై అయిదే! తగ్గానన్నమాట!" మధ్యలో డెబ్భై రెండు. కింద ఆగబోతుంటే డెబ్భై ఎనిమిది.

"ఆపేయ్ బాబూ!" అని మేడం పలక దిగి, నవ్వాపుకోలేకపోయింది. "సరే, మూటలు నువ్వే దింపు. కానీ మధ్యలో చూసి రాయి."

మర్నాడు మొదటి మూటతో లిఫ్టు కదిలింది. ఆవిడ నోరు తెరిచింది.

"ఆగవే. ఆగు... ఇప్పుడు చూడు."

"పద్దెనిమిది."

"రాశావా? ఊఁ, ఇక తిట్టు."