తొమ్మిది ముద్దలు

బస్సు దిగి మూడు మలుపులు తిరిగాక ఆ బోర్డు కనిపించింది. పైన అక్కడి భాషలో పెద్ద రాతలు. వాటి కింద ఒదిగి, ఎండకు వెలిసి, మన అక్షరాలు నాలుగు: మన వంట. దర్జీ ఆగి వాటిని పైకి చదివాడు. నాలుగు నెలలుగా ఆసుపత్రి గోడల మీదా, మందుల చీటీల మీదా, బస్సుల నుదుటి మీదా తనకు రాని రాతలనే చూసి చూసి అలసిన కళ్ళు ఆ అక్షరాల మీద కాసేపు కూర్చున్నాయి.

భార్య అతని మోచెయ్యి పట్టుకుని నిలబడి ఉంది. పట్టుకుందన్న మాటే గాని, బరువు చేతికి తెలియడం లేదు.

ఆమె ఒక బడిలో ఇరవయ్యారేళ్ళు మూడు వందల మంది పిల్లలకు వండిన మనిషి. పిల్లలూ, పంతుళ్ళూ, చివరికి కట్టుకున్నవాడూ ఆమెను వంటమ్మ అనే పిలిచేవారు. ఆమె రుచి చూసి వండేది కాదు. గుండిగ మూత తీసి, ఆవిరిని ఒక్కసారి గుండెల నిండా పీల్చి, "ఇంకో గుప్పెడు" అనేది. ఆ గుప్పెడు ఉప్పుతో సరిగ్గా సరిపోయేది. అలాంటి మనిషి గొంతులో గడ్డ లేచింది. తెలిసిన వైద్యులందరూ చేతులెత్తేసి, రైల్లో ఒకటిన్నర రోజు దూరాన ఉన్న ఈ పెద్దాసుపత్రికి పంపారు. వైద్యం గడ్డను కాల్చింది, గడ్డతో పాటు నోటినీ కాల్చింది. రుచి మళ్ళీ రావచ్చు, రాకపోవచ్చు అన్నారు.

ఆమె ఎంత తరిగిపోయిందో తూకం చెప్పక ముందే దర్జీకి తెలిసిపోయేది. ఆమె రవికెలకు పక్క కుట్లు ఇప్పటికి మూడుసార్లు లోపలికి జరిపాడు. నాలుగోసారి జరపడం కుదరదు, కొత్తగా కత్తిరించాల్సిందే. ఆ కత్తెర పట్టుకోవడానికి అతనికి చేతులు రావడం లేదు.

నిన్న డాక్టరమ్మ విషయం తేల్చి చెప్పింది. అక్కడి భాషలో అతనికి వచ్చీరాని మాటలతో, చేతి సైగలతో ఆ మాట అతనికి చేరింది. ఆమె నోటితో తినగలిగితే ఇంటికి తీసుకెళ్ళవచ్చు. తినలేకపోతే కడుపుకు గొట్టం వేసి, ఇక్కడే ఉంచి, గొట్టంలోంచే పోయాలి. ఎన్నాళ్ళన్నది చెప్పలేరు. వంటమ్మ వెంటనే తల అడ్డంగా ఊపింది. తనకు వారం కిందటే రుచి వచ్చేసిందనీ, ఆసుపత్రి గంజిలో ఉప్పు ఎక్కువగా ఉందనీ మొగుడి చేత చెప్పించింది. డాక్టరమ్మ ఆమెను చూడలేదు, అతన్ని చూసింది. "మీరు దగ్గరుండి తినిపించి, ఎల్లుండి చెప్పండి" అంది.

అందుకే ఈ ప్రయాణం. మందుల దుకాణంవాడు చెప్పిన గుర్తులు పట్టుకుని, ఒక పూటకు అనుమతి తీసుకుని, ఆమెను ఇక్కడికి తీసుకొచ్చాడు. మన వంట ముందు కూర్చుంటే ఆ నోరు నిజం చెబుతుందని అతని ఆశ.

గల్లాపెట్టె వెనక ఒక నడివయసు ఆవిడ కూర్చుని ఉంది. దర్జీ "నెమ్మదిగా, గడప ఉంది" అని భార్యతో అనడం ఆవిడ చెవిన పడింది. అంతే, గబగబా లేచి వచ్చి బల్ల తుడిచింది, కుర్చీ లాగింది, ఎవరు ఏమిటని అడక్కముందే అన్నయ్యగారూ, వదినగారూ అని వరస కలిపేసింది. మన మాట విని ఎన్నాళ్ళయిందోనని, లోపల వండేది తన భర్తేనని, రోజంతా ఆయనతోనే మాట్లాడి మాట్లాడి మాటలు అరిగిపోయాయని చెప్పుకుంది.

"ఎలా వండుతారేమిటి మీ ఆయన?" అంది వంటమ్మ. వంట మాట వస్తే ఊరుకోలేదు.

"ఇంతవరకు ఎవరూ వంకపెట్టలేదు వదినగారూ. పెట్టినవాళ్ళు మళ్ళీ రాలేదు లెండి."

వంటమ్మ నవ్వింది. ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో దర్జీ లెక్క వేసుకోబోయి మానుకున్నాడు. గల్లాపెట్టె ఆవిడను పక్కకు పిలిచి సంగతి చెప్పాడు: నోరు పుండై మానింది, కారం వద్దు, అన్నం మెత్తగా, పప్పు, చారు, కాస్త నెయ్యి, అంతే చాలు. ఆవిడ కళ్ళు తుడుచుకుని వంటగది వైపు తిరిగి, పేషెంటొచ్చారు చూసి వండమని కేకేసింది.

రెండు కంచాలు వచ్చాయి. అన్నం మీద పప్పు, పప్పు మీద కరుగుతున్న నెయ్యి, పక్కన గిన్నెలో పొగలు కక్కే చారు. వంటమ్మ వంగి ఆ ఆవిరిని పీల్చింది. దర్జీ తన కంచం ముట్టలేదు. కళ్ళలో వత్తులు వేసుకుని ఆమెనే చూస్తున్నాడు. ఆమె కలిపింది, చిన్న ముద్ద చేసింది, నోట్లో పెట్టుకుంది, నమిలింది, మింగింది.

"ఇంగువ కొంచెం ఎక్కువ వేశాడు" అంది. ఇంకో ముద్ద తిని, చింతపండు పాతదంది. మూడో ముద్ద తిని, "ఉప్పు మాత్రం భలే కుదిరింది" అంది.

దర్జీకి ప్రాణం లేచొచ్చింది. తాళం వేసి వచ్చిన కొట్టు తెరుచుకుంది, మిషను చక్రం తిరిగింది, వాకిట్లోంచి వంటమ్మ అన్నానికి రమ్మని మూడుసార్లు పిలిచి నాలుగోసారి తిట్టింది. ఇదంతా అతనికి నాలుగో ముద్దకూ ఐదో ముద్దకూ మధ్య కనిపించింది.

"మీరూ తినండి. నా మొహం చూస్తే కడుపు నిండుతుందా?"

"నిండుతుందని పెళ్ళిచూపుల్లో మీ నాన్న చెప్పాడుగా."

"ఆయన చాలా చెప్పాడు. నువ్వు సూటుబూట్లు కుట్టే పెద్ద టైలరువని నాకూ చెప్పాడు." పెళ్ళయిన కొత్తలోని ఏకవచనం ఎక్కడినుంచో ఊడిపడింది. ఆమె నాలుక కరుచుకుంది. అతను నవ్వుకుంటూ తన అన్నం కలిపి, పెద్ద ముద్ద చేసి నోట్లో పెట్టుకున్నాడు.

ఉప్పు లేదు.

సరిగ్గా కలవలేదేమోనని మళ్ళీ కలిపాడు. మళ్ళీ తిన్నాడు. పప్పు చప్పన. చారు గుక్కెడు తాగాడు, చారూ చప్పన. ఒక్క క్షణం తన నాలుకే పోయిందనుకున్నాడు, పోయి ఉంటే బాగుండుననుకున్నాడు. తలెత్తి చూశాడు. ఇందాకటి నుంచి చూస్తున్నదే, ఇప్పుడు వేరుగా కనిపించింది. ఆమె తినడం లేదు. ముద్ద పెట్టుకుని, కళ్ళు ఎక్కడో నిలిపి, నీళ్ళతో దిగమింగుతోంది, మాత్ర మింగినట్టు. మింగిన ప్రతిసారీ మెడ నరం తాడులా బిగుస్తోంది. ఆరు. ఏడు.

అవునే, భలే కుదిరిందే అందామనుకుని నోరు తెరిచాడు. అప్పుడే గల్లాపెట్టె దగ్గరి ఆవిడ చేతిలో చిన్న గిన్నెతో పరుగులాంటి నడకతో వచ్చింది.

"నా మతిమరుపు మండిపోను అన్నయ్యగారూ. పేషెంటంటే ఉప్పు పడదనుకుని మా ఆయన దేంట్లోనూ చిటికెడు కూడా వెయ్యలేదంట. వాళ్ళ నాన్నకి అలాగే వండేవాడు. విడిగా ఇచ్చి పంపితే నేను అక్కడే పెట్టి మర్చిపోయాను. ఎలా తింటున్నారండీ ఇంతసేపూ?"

గిన్నెలో ఉప్పు. ఎనిమిదో ముద్ద వంటమ్మ వేళ్ళ మధ్య ఆగిపోయింది.

"మా ఇంట్లో అందరం చప్పగానే తింటాం తల్లీ. అలవాటు" అంది ఆమె, నిబ్బరంగా. ఆవిడ తేలికపడి, గిన్నె అక్కడ పెట్టి, ఇంకెవరో వస్తే అటు వెళ్ళింది.

ఇద్దరూ ఉప్పుగిన్నెను చూస్తూ కూర్చున్నారు.

"మళ్ళీ ఎప్పుడు పోయింది?" అన్నాడు దర్జీ.

"రాలేదు. అసలు రానేలేదు."

"మరి ఇంగువ?"

"ఇరవయ్యారేళ్ళు వండాను. ఇలాంటి చోట ఎలా వండుతారో తెలీదా నాకు? ఇంగువ ఎక్కువే వేస్తారు. చింతపండు పాతదే ఉంటుంది."

"నోట్లో ఎలా ఉంటుందే?"

ఆమె ఆలోచించింది. అతనికి అర్థమయ్యేలా చెప్పాలని వెతుక్కుంది.

"కుట్టు అయ్యాక దారం పంటితో తుంచుతారే, అప్పుడు ఒక పోగు నాలుక మీద మిగులుతుంది చూడండి. అది. అన్నమైనా అదే, పప్పైనా అదే."

ఆ పోగు అతనికి బాగా తెలుసు. రోజుకు పాతికసార్లు ఉమ్మేసే పోగు. అలాంటివి ఏడు ముద్దలు మింగింది తన ఎదుట, పైగా వంకలు పెడుతూ.

"ఇంటికి తీసుకెళ్ళండి" అందామె. గొంతు పెంచలేదు, బతిమాలలేదు. "ఆ గొట్టం నాకొద్దు. అంతమందికి వండిపెట్టినదాన్ని, సీసాలోంచి పోయించుకోలేను. బాగా తిందని ఒక్క మాట చెప్పండి చాలు."

"వెళ్ళి ఏం తింటావే?"

"ఏమీ తినను. మన ఇంట్లో తినకుండా ఉంటాను."

ఆమె ఉప్పు చిటికెడు తీసుకుని అన్నంలో చల్లింది. ఎవరి కోసం చల్లిందో ఆమెకే తెలియాలి. ఎనిమిదో ముద్ద మింగింది. తొమ్మిదోది నోట్లో చాలాసేపు తిప్పి, రెండు గుక్కల నీళ్ళతో మింగింది. పదోదాని కోసం చెయ్యి కంచం దాకా వెళ్ళి, అక్కడే పడుకుండిపోయింది. దర్జీ కంచం తన వైపు లాక్కుని, ఆమె మిగిల్చినదంతా తిన్నాడు. ఎంగిలి వద్దని ఆమె అనలేదు.

వెళ్ళేముందు గల్లాపెట్టె ఆవిడ దగ్గర "ఆమె బాగా తింది" అనే మాట ఆ భాషలో నేర్చుకున్నాడు. మూడు ముక్కలు. బస్సులో వాటిని పెదవుల మీద అప్పజెప్పుకుంటూ ఉంటే వంటమ్మ వింది. అర్థం తెలియకపోయినా దేనికో తెలిసింది. అతని భుజం మీద తల ఆనించింది. ఆసుపత్రి వచ్చేదాకా తియ్యలేదు.

మర్నాడు పొద్దున డాక్టరమ్మ వచ్చింది. వంటమ్మ అప్పటికే తల దువ్వించుకుని, మంచం మీద నిటారుగా కూర్చుంది. దర్జీ ఆ మూడు ముక్కలనూ నాలుక చివర సిద్ధంగా పెట్టుకుని నిలబడ్డాడు.

డాక్టరమ్మ తిందా అని అడగలేదు. అయిదు వేళ్ళనూ ముద్ద పట్టినట్టు ముడిచి చూపించి, "ఎన్ని?" అంది.

ఆ భాషలో అతను అన్నిటికంటే ముందు నేర్చుకున్నవి అంకెలే. బతుకంతా మెడలో టేపు వేసుకుని అంకెలు చెప్పినవాడు. చాతీ ఎంత అంటే ఎంతో అంతే, నడుము ఎంత అంటే ఎంతో అంతే. ఒక్కనాడూ అర అంగుళం అటూ ఇటూ చెప్పినవాడు కాదు. ఆలోచించక ముందే నోరు చెప్పేసింది, వేళ్ళూ లేచాయి. తొమ్మిది.

వంటమ్మ ఆ వేళ్ళను చూసింది. ఆమె మొహంలోకి కోపం రాలేదు. అంగట్లో పిల్లవాడు తప్పు చెబితే సర్దే తల్లిలా డాక్టరమ్మ వైపు తిరిగింది.

"పదకొండు" అంది. "ఆయన సరిగా చూడలేదు. పదకొండు తిన్నాను. చెప్పండి ఆవిడకి."

డాక్టరమ్మకు అర్థం కాలేదు. కలం ఆపి, ఏమంటోందన్నట్టు దర్జీని చూసింది.

పదకొండుకు ఆ భాషలో ఏమంటారో అతనికి తెలుసు. చిన్న మాట, తేలికైన మాట. అది అంటే ఇల్లు, ఆ ఇంట్లో ఖాళీ కంచం, దాని ముందు ఈమె. అతను భార్య వైపు చూడకుండా, ఒక్కొక్క మాటా కూడబలుక్కుని, "తొమ్మిదే అంటోంది" అని చెప్పాడు.

డాక్టరమ్మ రాసుకుంది. కలం కదలడం చూసి, తన మాట చేరిందనుకుని, వంటమ్మ దుప్పటి కిందనుంచి చెయ్యి చాపి అతని వేళ్ళను పట్టుకుంది, ఉన్న బలమంతా పెట్టి.