పాలషెడ్డులో జోజయ్య పాట

మా ఆయన జోజయ్య గొంతు సంగతి మెల్‌బోర్న్‌లో మా చర్చికి వచ్చేవాళ్ళందరికీ తెలుసు. దానికీ శ్రుతికీ ఏనాడూ పడలేదు. అయినా పెళ్ళయిన నాటి నుంచీ ఆయన పాడుతూనే ఉన్నారు, నేను చెవులు మూసుకుంటూనే ఉన్నాను. ఎనభై తొమ్మిదిలో, క్రిస్మస్‌కి ముందు, కొత్తగా వచ్చిన క్వయర్ లీడర్ కుర్రాడు "అంకుల్, మీరు వెనక వరసలో నిలబడి పెదవులు కదపండి చాలు" అన్నాడు. ఆయన నవ్వేసి ఊరుకున్నారు. ఆ రోజు నుంచి బాత్రూములో కూడా పాట లేదు. ఇల్లు ప్రశాంతంగా ఉంటుందనుకున్నాను గానీ, నా ప్రాణం ఉసూరుమంది.

అందుకే జనవరి సెలవుల్లో మోటర్‌హోమ్ అద్దెకు తీసుకుని ఆయన్ని గిప్స్‌ల్యాండ్ పల్లెల వైపు బయల్దేరదీశాను. నాతో నర్సుగా పనిచేసిన జూడీ, ఆమె భర్త స్టీవ్ అక్కడ డెయిరీ ఫార్మ్ నడుపుతున్నారు. ఇంట్లో గది ఇస్తామన్నా వినకుండా పచ్చిక పక్కన బండి ఆపి అందులోనే కాపురం పెట్టాం. పొద్దున్నే కిటికీ తెర తీస్తే, ఆవులు కంచె మీదుగా మెడలు చాచి మా కాఫీ కప్పుల్లోకి చూస్తున్నాయి. నవ్వలేక చచ్చాను. తినడం, కునుకు తీయడం, సాయంత్రం బార్బెక్యూ పొయ్యి దగ్గర జూడీతో కబుర్లు. ఆయనా నవ్వుతున్నారు, తింటున్నారు. పాడడమే లేదు.

ఒకరోజు సాయంత్రం పాలు తీసే వేళకు, స్టీవ్ దగ్గర రబ్బరు గమ్‌బూట్లు అరువు తీసుకుని ఇద్దరం షెడ్డులోకి దిగాం. రెండు వైపులా ఆవులు వరసగా నిలబడ్డాయి. పక్కనే అర మీద రేడియో మోగిపోతోంది. స్టీవ్ పొదుగులకు మిషను గొట్టాలు తగిలిస్తూ మోచేయి విసిరితే అరకు తగిలింది. రేడియో కాస్తా కింద నీళ్ళ బకెట్లో పడింది.

అంతే, షెడ్డు మూగబోయింది. గేటు చప్పుడైతే చాలు ఆవులు ఉలిక్కిపడుతున్నాయి. ఒకటి గొట్టాలు తన్నిపారేసింది.

"బెదిరిపోయినయ్. ఇంక పాలు చేపవు" అన్నారు ఆయన. తెనాలి దగ్గర గేదెల మధ్య పెరిగిన మనిషి కదా.

"దూడలప్పటి నుంచీ రేడియో వింటూ పెరిగాయి" అని స్టీవ్ తల పట్టుకున్నాడు. "జో, ఏదో ఒకటి మాట్లాడు మేట్!"

ఆయన నా వైపు చూశారు.

"పాడండి" అన్నాను.

"నేనా? వద్దులే రాణీ, ఇచ్చే పాలు కూడా ఇవ్వవు."

"అవేం క్వయర్ లీడర్లు కాదులెండి. పాడండి!"

మొదట గొణిగారు. ఆ తర్వాత చిన్నప్పుడు చర్చిలో నేర్చుకున్న పాట గొంతెత్తి అందుకున్నారు. ఆవుల చెవులు ఇటు తిరిగాయి. కాసేపటికి కాళ్ళు నేలకు ఆనించి నిలబడ్డాయి. గాజు గొట్టంలో పాలు నురగలు కక్కుతూ పారాయి. "కీప్ గోయింగ్!" అని స్టీవ్ అరిచాడు. ఆ గోలేమిటో చూద్దామని పరుగెత్తుకొచ్చిన జూడీ, ఖాళీ బకెట్ బోర్లించి తాళం వేయడం మొదలుపెట్టింది. జనవరిలో క్రిస్మస్ పాటలన్నీ అయిపోయాయి.

మర్నాడు జూడీ టౌనుకెళ్ళి కొత్త రేడియో తెచ్చింది. సాయంత్రం స్టీవ్ దాన్ని అర మీద పెట్టి మోగించాడు. అప్పటికే బూట్లు తొడుక్కుని సిద్ధంగా ఉన్న మా ఆయన మొహం వాడిపోయింది.

"సర్లే, ఇంక నాతో పనేముంది" అని తలుపు వైపు నడిచారు.

స్టీవ్ చేయి చాచి రేడియో కట్టేశాడు. "ఇది మీరెళ్ళాక పాడుతుంది. ఇవాళ నువ్వున్నావుగా, జో."

ఆయన కళ్ళు తుడుచుకుని వెనక్కొచ్చి, తలెత్తి పాట మొదలుపెట్టారు. ఒక చరణం అయ్యాక నా చెవి దగ్గరికి వంగారు.

"రాణీ, ఆదివారం నేను ముందు వరసలో నిలబడతా."

"నిలబడండి. పక్కన నేనూ నిలబడతా."

రెండో చరణం అందుకున్నారు. శ్రుతి ఎక్కడో, ఆయన ఎక్కడో. నేనూ గొంతు కలిపాను.