ఆగిన చోటి నుంచి

పార్లమెంటు గుమాస్తా ఒవీలా సెగాన్ తొమ్మిదో కట్ట విప్పాడు. కిందటి సమావేశాలు ముగిసిన రోజున చచ్చిపోయిన విడాకుల బిల్లులవి. ఆ రోజుల్లో క్యూబెక్ రాష్ట్రంలో విడాకులిచ్చే కోర్టు లేదు. మొగుడూ పెళ్లాం విడిపోవాలంటే రాజధాని ఒట్టావాలో పార్లమెంటు వాళ్ల పేరు మీద చట్టమే చేయాలి. సభ ముగిసేలోగా బిల్లు గట్టెక్కలేదా, మురిగిపోయినట్టే. కొత్త సమావేశాల్లో గడువులోగా అర్జీ పెట్టుకుంటే ఆగిన చోటి నుంచి మళ్లీ నడుస్తుంది. లేకపోతే మొగుడి నిర్వాకం వారాల తరబడి పేపర్లో వేయించుకోవడం దగ్గర్నుంచి అన్నీ మొదటికే వస్తాయి.

అర్జీ వచ్చినవి ఎడమ పక్క, రానివి కుడి పక్క. ముప్పై నాలుగేళ్లుగా ఇదే పని. అరవై ఒకటో ఏట భుజాలు వంగిపోయాయి, మధ్యవేలు మీద కలం ఒత్తుకుని కాయ కాసింది, మెట్లెక్కితే ఆయాసం. పై అధికారుల్లో సగం మందికి అతని పేరు పలకడం రాదు, మిగతా సగానికి అసలు తెలియదు.

"గడువు ఇవాళే ఆఖరు," అన్నాడు పక్క బల్ల మెకాస్కిల్. ఒవీలా ఎప్పుడు లేస్తాడా అని కుర్చీ వంక చూసే మనిషి. "చచ్చినవాటిని లేపే దేవుడు మీరే కదా సెగాన్ గారూ. చెయ్యి విదల్చండి మరి."

"దేవుడికి అర్జీ అక్కర్లేదయ్యా. నాకు కావాలి."

మూడింటికి ఒకామె వచ్చింది. పేరు ఐలీన్ థోర్న్, మాంట్రియల్‌లో రొట్టెల దుకాణంలో పని. వకీలు అర్జీ పంపాడో లేదో కళ్లారా చూసుకుందామని రైలెక్కి వచ్చింది.

"రెండుసార్లు మురిగిందండీ. ఇంక నావల్ల కాదు."

బయట మంచు కురుస్తున్నా, పొయ్యి వేడికి గది ఉడికిపోతోంది. ఆమె మాత్రం కోటు బొత్తాం ఒక్కటీ విప్పలేదు, పొట్ట మీది చేతులు తీయలేదు. ఒవీలా అర్జీ వెతికి పట్టుకున్నాడు. అడుగున సంతకం చూసి ఆగిపోయాడు. ఐలీన్ రిట్టర్ అని ఉంది.

"రిట్టర్ ఎవరమ్మా?" గొంతు తగ్గించి అడిగాడు.

ఆమె ముఖం పాలిపోయింది. "మేమిద్దరం... మూడేళ్లయిందండీ. దుకాణంలో, బ్యాంకులో, అంతటా ఆ పేరే. అలవాటుగా పెట్టేసుంటాను. ఆ వెధవ వకీలైనా చూసుకోవద్దా?"

"పరాయివాడితో కాపురం చేస్తున్నానని మీ చేత్తో మీరే రాసిచ్చారు. బిల్లులు విచారించే కమిటీ కంట పడిందంటే ఇక మీ బిల్లు లేనట్టే."

"మార్చిలో పురుడు. ఈలోగా చట్టం కాకపోతే తండ్రి పేరు చోట థోర్న్ అని రాస్తారు. నన్ను చావగొట్టినవాడి పేరు. నా బిడ్డకి." ఏడవలేదు. బల్ల అంచు పట్టుకుని నిలబడింది.

ఇరవై రెండేళ్ల కిందట ఇవే మాటలు సడ్‌బరీ అనే గనుల ఊరి నుంచి ఉత్తరంలో వచ్చాయి. ఒవీలా భార్య, ఫ్లోరిడా ఆమె పేరు, ఒక గని కార్మికుడితో అక్కడికి వెళ్లిపోయింది. కడుపుతో ఉన్నాను, నీకు దణ్ణం పెడతాను, వదిలెయ్ అని రాసింది. ఒవీలా జవాబు రాయలేదు. మా మతం ఒప్పుకోదని అందరికీ చెప్పాడు. మతమూ లేదు, మన్నూ లేదు. కసి. ఎక్కడో ఒక పిల్లవాడు సెగాన్ అనే పేరు మోస్తూ పెరిగి పెద్దవాడయ్యాడు, ఒవీలా వాడి ముఖమైనా ఎరగడు.

మెకాస్కిల్ టీకి లేచాడు. తలుపు పడగానే ఒవీలా ఖాళీ అర్జీ తీసి ఆమె ముందుకు తోశాడు.

"థోర్న్ అని పెట్టండి. నిదానంగా."

ప్రమాణం చేయించి సంతకం తీసుకునే అధికారం అతనికుంది. కింద తనూ సంతకం చేసి ముద్ర వేశాడు. ఉద్యోగంలో అతను చేసిన మొదటి దొంగపని అదే. బిల్లు ఎడమ పక్కకు చేరింది.

"మీ మేలు ఈ జన్మలో..."

"ముందు వెళ్లండమ్మా. ఇక్కడ నిలబడకండి."

పాత అర్జీ చింపబోయాడు. చెయ్యి రాలేదు. సంతకమున్న కాగితాన్ని ఆ గదిలో ఎవరూ చింపరు. అంతటి దొంగపని చేసిన చేతులు ఇంత చిన్న పనికి ససేమిరా అన్నాయి. నడిచి ఇంటికి వెళ్తూ వంతెన మీద నుంచి నదిలో పడేద్దాంలే అనుకుని, మడిచి ఓవర్‌కోటు లోపలి జేబులో పెట్టుకున్నాడు.

వంతెన దాకా వెళ్లలేదు. మంచులో రెండు వీధులు నడిచేసరికి ఊపిరాడక ఒక బెంచీ మీద కూర్చున్నాడు. ముసలాయన అలసట తీర్చుకుంటున్నాడనుకుని జనం పక్కనుంచి పోయారు. ఎవరో అనుమానమొచ్చి భుజం తట్టేసరికి ప్రాణం పోయి చాలాసేపైంది.

అతని కోసం ఎవరూ రాలేదు. ఆస్పత్రివాళ్లు ఓవర్‌కోటు ఆఫీసుకు పంపించారు. జేబులు వెతికింది మెకాస్కిల్. అతను చెడ్డవాడేం కాదు. రూలు తెలిసినవాడు, అదీ ఒవీలా దగ్గర నేర్చుకున్నదే. కాగితం రెండుసార్లు చదువుకుని, పై అధికారి బల్ల మీద పెట్టాడు. సాయంత్రానికి జాబితాలో ఐలీన్ పేరు కొట్టేశారు. మార్చిలో కొడుకు పుట్టాడు. తండ్రి పేరు చోట థోర్న్ అని రాశారు.

ఓవర్‌కోటు తలుపు వెనక కొక్కేనికి చాలాకాలం వేలాడింది, బయటికి లాగిన లోపలి జేబును ఎవరూ తిరిగి లోపలికి తోయలేదు.