ఇన్‌స్పెక్టర్ ముక్కు

పెదపాడు మండలంలో నాకంటే నా ముక్కుకు ఎక్కువ పేరు. ఎరువుల ఇన్‌స్పెక్టర్‌గా ఇరవై ఆరేళ్లు చేశాను. డీఏపీ గుళికలు అరచేతిలో వేసి, కాస్త సున్నం కలిపి నలిపితే, అసలు సరుకైతే ఘాటుకు ముక్కు అదిరిపోతుంది. నకిలీదైతే ఏ వాసనా రాదు. తాడేపల్లిగూడెం ల్యాబ్ రిపోర్టు వచ్చేదాకా ఆగలేని రైతులు, జగ్గారావు గారు వాసన చూశారా అని అడిగి మరీ బస్తా విప్పేవారు. నేను చెప్పింది ల్యాబ్ ఎన్నడూ కాదనలేదు. ఆ పొగరు నాకు ఉండేది, దాచడమెందుకు.

కరోనా ఆ ముక్కును తీసుకుపోయింది. జ్వరం తగ్గింది గానీ వాసన తిరిగి రాలేదు. పొయ్యి మీద కూర మాడుతుంటే పక్కనే కూర్చుని పేపరు చదువుకునేవాణ్ణి. ఈ సంగతి మా ఆవిడ గాయత్రికి ఒక్కదానికే తెలుసు. ఆఫీసులో చెప్పేయండి, ఇందులో సిగ్గెందుకని ఆమె పోరుతూనే ఉంది. పేరు పోతే నాకిక మిగిలేది రిటైర్మెంటు తేదీ ఒక్కటేననిపించి నోరు విప్పలేదు. ఎవరైనా గుళికలు తెస్తే, ల్యాబ్‌కు పంపుదాంలే అని తప్పించుకుంటూ రెండేళ్లు నెట్టుకొచ్చాను.

ఆ ఏడు సార్వా పంట నాట్ల ముందు దేవకుమారి వచ్చింది. భర్త పోయాక కూడా కొల్లేరు వైపు మూడెకరాలు కౌలుకు చేస్తున్న మనిషి. ఈ పంట తేడా వస్తే చేనును చేపల చెరువుకు ఇచ్చేస్తానని పొలం ఆసామి ముందే చెప్పాడట. కొత్త దుకాణంలో కొన్న డీఏపీ మీద అనుమానమొచ్చి, గుప్పెడు గుళికలు కొంగున ముడేసుకుని తెచ్చింది. ఆ దుకాణం నుంచి నేను తీసిన శాంపిల్ అప్పటికే ల్యాబ్‌లో ఉంది. కానీ మర్నాడే ఆఖరి దమ్ము, డీఏపీ అందులోనే చల్లాలి. నాట్లు ఆలస్యమైతే కొల్లేరు నీరు ఎగదన్ని నారును ముంచేస్తుంది.

నాకు తెలియదమ్మా అనాల్సింది. వరండాలో మరో నలుగురు రైతులు నిలబడి నా ముక్కు వంకే చూస్తున్నారు. సున్నం కలిపి నలిపాను. అరచెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుని, ఘాటు తగిలినట్టే కళ్లు చికిలించాను.

"నిక్షేపంగా వేసుకో అమ్మా" అన్నాను.

పద్దెనిమిదో రోజున రిపోర్టు వచ్చింది. అందులో నత్రజనీ లేదు, భాస్వరమూ లేదు. దుకాణం మీద కేసు పెట్టి, తిన్నగా ఆమె చేనుకు వెళ్లాను. నాటిన మొక్క నాటినట్టే ఉంది, ఒక్క పిలకా వేయలేదు. ఆసామి నిన్న వచ్చి చూసి వెళ్లాడని, చెరువు తవ్వేవాళ్లతో మాట్లాడేశాడని చెప్పింది. రిపోర్టు సంగతి చెప్తే తల ఊపింది.

"ఇంటికెళ్లి నేనూ సున్నం వేసి నలిపి చూశానండీ. నాకేం వాసన రాలేదు. మీకొచ్చిందన్నారు కదా, జ్వరమొచ్చి లేచినదాన్ని, నా ముక్కే చెడిందనుకున్నానండీ."

ఇన్నాళ్లూ ఆఫీసులో చెప్పలేనిది అప్పుడు చెప్పాను.

"నాకు వాసన తెలియదమ్మా. రెండేళ్లయింది."

ఆమె పిలక వేయని మొక్కొకటి పీకి గట్టు మీద పెట్టింది. గొంతు పెంచకుండానే అంది.

"ఆ రోజే చెప్పుంటే, నా ముక్కును నేను నమ్ముకునేదాన్ని కదండీ."