అరగంట మాట

పక్కింట్లో కొల్లేటి చేప వేగుతోందంటే ముందు మా కిటికీ మూస్తాను. ఆ వాసన తగిలితే మా ఆయన బాషాకు కడుపులో తిప్పుతుంది. పార్కిన్‌సన్స్ ముదిరిపోయింది. ఎనిమిదిన్నరకు వాంతులు ఆపే మాత్ర, తొమ్మిదింటికి వణుకు మాత్ర, ఆ తర్వాత చల్లారిన గంజి చెంచాడు చెంచాడు. ఇదంతా లోపల నిలిస్తే ఒక అరగంట ఆయన నోరు పెగులుతుంది. వాంతయితే మాత్రా పోతుంది, ఆ రోజుకు మాటా పోతుంది. పొద్దుటి నా చాకిరీ అంతా ఆ అరగంట కోసమే. "ఇంట్లోనేగా ఉంటారు భాభీ, మీకేం పని" అంటాడు మరిది ఫారూఖ్.

ఆ గొంతు కోసం నేను మొహం వాచిపోయాను. పెళ్లయి తంగెళ్ళమూడి వచ్చిన వారానికే ఆయన నన్ను తివాచీ మగ్గం ముందు కూర్చోబెట్టాడు. గళ్ల కాగితం మీది డిజైను చూస్తూ, "ఎరుపు మూడు, పసుపు రెండు" అని రంగులు చదివేవాడు. నేను ముడులు వేసేదాన్ని. ముప్ఫై ఏళ్లు ఆయన చెప్పడం, నేను వేయడం. ఇక్కడ నీలం బాగుంటుందండీ అని ఒకసారి అంటే, "చెప్పింది వెయ్యి" అన్నాడు. బయటివాళ్లు నన్నేదైనా అడిగినా జవాబు ఆయనదే. కోపం లేదా అంటే ఉంది. అయినా ఆ రంగులు ఒక్కసారి మళ్లీ చదివితే వినాలని ప్రాణం కొట్టుకుంటుంది. రెండూ నిజమే, ఏం చేయను?

పోయిన నెల వాంతులు ఆగకపోతే ఫారూఖ్ ఆర్‌ఎంపీని తీసుకొచ్చాడు. అందరికీ చేసే వాంతుల ఇంజెక్షన్ బయటికి తీశాడాయన. ఇంటికొచ్చి చూసే నర్సు గారిని ఫోన్‌లో అడుగుదాం అన్నాను, వంటింటి పరదా వెనక నుంచే. "మందుల సంగతి మీకెందుకు భాభీ?" అన్నాడు ఫారూఖ్. ఇంజెక్షన్ చేశాక వాంతులైతే ఆగాయి. సాయంత్రానికి మనిషి కర్రలా బిగుసుకుపోయాడు. తొమ్మిది రోజులు మాట లేదు. నయమయ్యే జబ్బు కాదు కనుక, బాధైనా తగ్గించడానికి ఇంటికొచ్చే నర్సు సత్యవతి గారు చూసి నొచ్చుకున్నారు. "ఈ జబ్బున్నవాళ్లకి ఆ ఇంజెక్షన్ పడదండీ షమీమ్ గారూ, ఉన్న కదలికా పోతుంది" అని, పడని మందుల పేర్లు అట్ట మీద రాసిచ్చారు. దాన్ని మగ్గానికి కట్టుకున్నాను.

నిన్న మళ్లీ రెండు వాంతులు. సత్యవతి గారికి ఫోన్ చేస్తే, విరేచనం సాఫీగా అవుతోందా అని అడిగారు. నాలుగు రోజులుగా లేదు. వాంతులకు అదే కారణం కావచ్చని దానికి మందు చెప్పారు. ఈ పొద్దున గంజి నిలిచింది. ఇంకాసేపట్లో మాట వస్తుందని మంచం పక్కన కూర్చుంటే, నిన్నటి సంగతి విని ఫారూఖ్ వచ్చేశాడు. వెనకే ఆర్‌ఎంపీ, చేతిలో సంచి.

ఈసారి పరదా వెనక్కి వెళ్లలేదు. మగ్గానికి కట్టిన అట్ట విప్పి పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను.

"తప్పుకోండి భాభీ. చెప్పాల్సింది అన్న, మీరు కాదు" అని ఫారూఖ్ నా భుజం మీదుగా కేకేశాడు. "అన్నా, ఇంజెక్షన్ చేయించమంటావా?"

మంచం మీద ఆయన పెదాలు కదిలాయి. నేను ఎదురుచూసే గొంతే, సన్నగా, తడబడుతూ వచ్చింది.

"షమీమ్... చెబుతుంది."

ఫారూఖ్ నా వైపు తిరిగాడు. ఆర్‌ఎంపీ కూడా. ముప్ఫై ఏళ్లలో మొదటిసారి ఆ ఇంట్లో నా మాట కోసం మగవాళ్లు ఆగారు.

"వద్దు" అన్నాను.