కొబ్బరికాయ కుస్తీ

గంగాదాస్ లెక్క ఎప్పుడూ ఎదుటివాడి కుప్పతోనే మొదలయ్యేది. పంతొమ్మిది వందల ఎనభై ఎనిమిది ఫాల్గుణంలో ఆ ఎదుటివాడు హన్మాండ్లు.

ఇద్దరూ ఆర్మూర్‌లో పచ్చి పసుపు కొని, ఉడకబెట్టించి, ఎండబోయించి, డ్రమ్ములో మెరుగు పట్టించి అమ్మేవాళ్లు. ఇద్దరూ దేవన్న ఉస్తాదు తాలీంలో ఒకే మట్టిలో కుస్తీ నేర్చినవాళ్లు. డెబ్బై రెండులో భీమ్‌గల్ జాతరలో ఆఖరి కుస్తీకి వాళ్లిద్దరే మిగిలారు. హన్మాండ్లు అతన్ని ఎత్తి పడేశాడు. వీపు నేలకు తగలకూడదని గంగాదాస్ చెయ్యి అడ్డం పెట్టాడు. వీపూ తగిలింది, మణికట్టూ విరిగింది. ఆ మణికట్టు ఇప్పటికీ వంకరే. హన్మాండ్లు మణికట్టుకు మాత్రం ఆ కుస్తీలో గెలిచిన అయిదు తులాల వెండి కడెం. పదహారేళ్లయినా తీయలేదు. బజార్లో అతను చెయ్యి చాచినప్పుడల్లా గంగాదాస్‌కు కడుపులో మంట లేచేది.

ఆ ఏడు సాంగ్లీ సేటు ఇద్దరికీ చెరి మూడు వందల బస్తాల బేరం ఇచ్చాడు. నలభై రోజుల గడువు. ఎవరి మాలు బాగుంటే వచ్చే ఏడు మొత్తం కొనుగోలు వాళ్ల చేతి మీదుగానే అన్నాడు.

మర్నాడే గంగాదాస్ ఎనిమిది కడాయిలూ పొయ్యెక్కించాడు. రోడ్డుకు అవతలే హన్మాండ్లు కల్లం. అక్కడ ఒక్క కడాయి నుంచే పొగ వస్తోంది. మూడు ముఠాల కూలీలూ దాని చుట్టే నిలబడి ఉన్నారు.

"ఏందే హన్మాండ్లు, గింతమంది ఒక్క కడాయి కాడ? పెండ్లి వంటనా?"

"కొబ్బరికాయ కుస్తీ పెట్టిన గంగన్నా."

జాతరలో మొదటి కుస్తీకి బహుమతి కొబ్బరికాయే. పిల్లలు, కొత్తవాళ్లు పడతారు. మట్టి ఎక్కడ గట్టిగా ఉందో, ఎక్కడ జారుతుందో పెద్ద పహిల్వాన్లు అందులో చూసుకుంటారు. వెండి కడెం కుస్తీ చిట్టచివరిది.

"పది బస్తాలు ఉడికిస్త. మంట ఎవరి చేతిల నిలుస్తది, ఎండల పల్చగ ఎవరు పోస్తరు, మూడు దినాలు చూసుకుంట. గప్పుడు అసలు పని."

మూడు రోజులు నాకే ఎక్కువ అని గంగాదాస్ మనసులో జమ వేసుకున్నాడు.

పదో రోజుకు అతని ఉడకబెట్టే పని అయిపోయింది. అవతల సగమే అయింది. పైగా పదకొండో రోజు హన్మాండ్లు అందరికీ సెలవిచ్చాడు. ఒళ్లకు విశ్రాంతి కావాలని ఎనిమిది రోజులకొకసారి ఉస్తాదు తాలీం తలుపు వేసేవాడు, అలాగన్నమాట. గంగాదాస్ సంబరం పూటైనా నిలవలేదు. ఆరబోసే ముఠా పెద్ద పోచవ్వ వచ్చి నిలబడింది.

"గా వొడ్డుకు సుట్టి ఇచ్చిండ్రు. మా నడుములేమన్న ఇనుపయా సావుకారీ?"

"గా వొడ్డుకే పో అయితె."

పోచవ్వ పోలేదు కానీ, ఆ రోజు నుంచి పసుపు మందంగా పడింది. తిరగేయడం రోజుకొకసారికి తగ్గింది. గంగాదాస్‌కు అది కనిపించలేదు. పొద్దున్నే రోడ్డెక్కి అవతలి కుప్పలు లెక్కపెట్టేవాడు. హన్మాండ్లు కల్లంలో ఏ కుప్ప ఎన్ని ఎండలు తిన్నదో అతని నాలుక చివర ఉండేది.

"నీ కల్లం ఎవరు సూస్తరు?" అని అతని భార్య రత్నవ్వ అడిగింది. "లేకుంటె హన్మాండ్లు నిన్ను కావలికి వెట్టుకున్నడా?"

ముప్పై రెండో రోజు హన్మాండ్లు డ్రమ్ము బయటికి దొర్లించాడు. అది చూసిన గడియలోనే గంగాదాస్ తన డ్రమ్ము తిప్పమన్నాడు.

"ఇంక ఆరు ఎండలు కావాలె సావుకారీ," అంది పోచవ్వ.

"తిప్పుమంటె తిప్పు."

ముప్పై ఎనిమిదో రోజుకు గంగాదాస్ కల్లంలో మూడు వందల బస్తాలు కుట్టేశారు. హన్మాండ్లుకు ఇంకా రెండు రోజుల పని ఉంది! ఊరుకోలేక గంగాదాస్ గుప్పెడు పసుపు కొమ్ములు పట్టుకుని రోడ్డు దాటాడు. బంగారంలా మెరుస్తున్నాయి.

హన్మాండ్లు తన కుప్పలోంచి ఒక కొమ్ము తీసి విరిచాడు. టక్కుమంది. గంగాదాస్ తెచ్చిన కొమ్ము తీసి విరవబోయాడు. అది చప్పుడు లేకుండా వంగి, పచ్చి పుల్లలా నారలు సాగింది. పక్కనున్న కూలీలు చూడకముందే హన్మాండ్లు గుప్పిట మూసేశాడు.

"ఎల్లుండొస్తడు సేటు," అన్నాడు మెల్లగా. "ఉస్తాదు మొదటి నెల ఏం నేర్పిండే మనకు?"

పడటం నేర్పాడు. నెలంతా పడటమే. గోడ మీద కూర్చుని జనం చూస్తారని గంగాదాస్ ఆ నెల ఎగ్గొట్టాడు.

"పడ్తున్నమని ఎరుకైనంక చెయ్యి అడ్డం వెట్టకన్నా. వీపియ్యి."

నలుగురిలో అరిచి చెప్పి ఉంటే హాయిగా తిట్టుకోవడానికైనా వీలుండేది. ఆ గుప్పిట మూయడం చూసి గంగాదాస్‌కు కడెం కన్నా ఎక్కువ అసూయ కలిగింది.

రోడ్డు దాటేలోపు లెక్క కట్టాడు. నోరు మూసుకుంటే సేటు పై బస్తాలు చూసి మెచ్చుకుంటాడు. లారీలో తడి మాలు వేడెక్కి, సాంగ్లీ చేరేసరికి నల్లబడుతుంది. అప్పుడు పోయేది ఒక్క ఏడాది బేరం కాదు, ఆర్మూర్‌లో పేరు. చెప్పేస్తే వచ్చే ఏటి బేరం పోతుంది, మాలు మిగులుతుంది.

బస్తాల కుట్లు విప్పించాడు.

"మల్ల ఎండబోయాల్నా?" అంది పోచవ్వ.

"పల్చగ పోయుండ్రి. పోసినంక ఇండ్లకు వోండ్రి. రేపు సుట్టి."

"పానం మంచిగున్నదా సావుకారీ?"

సేటు బస్సు దిగగానే ఎదురెళ్లి చెప్పాడు. "సేటూ, నా మాల్ల తడున్నది. తొందరవడ్డ. ఇంక ఆరు ఎండలు కావాలె."

సేటు అక్కడే తేల్చేశాడు. "ఆరినంక పంపు, తీసుకుంట. వచ్చే ఏడు మాత్రం హన్మాండ్లుకే. మాటిచ్చిన, జబాన్ అంటె జబాన్."

భీమ్‌గల్ మట్టి మళ్లీ నోట్లోకి వచ్చినట్టయింది గంగాదాస్‌కు. కానీ ఈసారి ఏ ఎముకా విరగలేదు.

మరుసటి ఏడు సేటు బేరానికి కొన్న పచ్చి పసుపంతా రోడ్డుకు అవతల దిగింది. ఇవతల గంగాదాస్ ఏర్గట్ల రైతుల దగ్గర కొన్నది నూరు బస్తాలే. మొదటి రోజు ఒక్క కడాయే పొయ్యెక్కించాడు. హన్మాండ్లు రోడ్డు దాటి వచ్చాడు.

"ఏందే గంగన్నా, పెండ్లి వంటనా?"

గంగాదాస్ చూపు అలవాటుగా ముందు కడెం మీదే పడింది. మంట కూడా అలవాటుగానే లేచింది.

"నీ కాడ దొంగతనం చేసిన కొబ్బరికాయ కుస్తీనే. కేసు వెడ్తవా?"

"కడెం దాక వస్తవా మరి?"

"చెయ్యి గట్టిగ పట్టుకోని ఉండు."

కడాయిలో ఉడుకు పొంగుతోంది. అవతల ఎన్ని పొగలు లేస్తున్నాయో చూడకుండానే, ఉడికిందో లేదో చూడటానికి గంగాదాస్ పుల్ల తీసి తన పసుపులోకి గుచ్చాడు.