ఐసు గ్లాసు

స్టీలు గ్లాసులో ఐసు ముక్కలు నింపుకుని ఆయా ఆడవాళ్ళ వార్డుకొచ్చింది. పొద్దుట్నుంచి అదే పని, నర్సు తీసిన రక్తం గొట్టాలు కింద ల్యాబులో ఇచ్చి రావడం. మిగతావాటికి ట్రే చాలు. అమ్మోనియా పరీక్షకి మాత్రం గొట్టాన్ని ఐసులో పెట్టి పరుగెత్తాలి. లేకపోతే అమ్మోనియా ఆ గొట్టంలోనే పెరిగిపోయి లెక్క తప్పుతుంది.

ఈసారి రక్తం ఆయా అత్తగారిది.

తిన్న తిండి అరిగాక ఒంట్లో అమ్మోనియా మిగులుతుందని, కాలేయం దాన్ని యూరియాగా మార్చి మూత్రంలో పంపేస్తుందని నర్సు చెప్పింది. అత్తగారి కాలేయం చేతులెత్తేసింది. ఆ విషం తలకెక్కినప్పుడల్లా ముసలావిడ మాట తడబడుతుంది, మనిషిని పోల్చుకోదు. ఇన్నాళ్ళూ ఒళ్ళు తుడిచిందీ, గుడ్డలు మార్చిందీ పెద్దకోడలైన ఆయానే. కలవరింత మాత్రం చిన్నకోడలి కోసం.

ఇవాళ చిన్నకోడలు వచ్చింది. ఇస్త్రీ చీర, చేతిలో రెండు కమలాపళ్ళు. ముసలావిడ కళ్ళు తెరిచి, తోడికోడళ్ళిద్దర్నీ మార్చి మార్చి చూసి, చిన్నదాని చెయ్యి పట్టుకుంది.

"కూతురు లేని లోటు నువ్వే తీర్చావే తల్లీ."

"మరి నేనో, అత్తయ్యా?" అంది ఆయా.

"నువ్వు పనిమంతురాలివి."

"చూశావా అక్కా, నిన్నే మెచ్చుకుంది!" చిన్నకోడలు నవ్వింది.

ఆయా ఒళ్ళు భగ్గుమంది. "విషం తలకెక్కి ఏదో అంటోందిలే," అంది.

"అబ్బే, ఇవాళ తెలివిలోనే ఉన్నట్టుందే," అంది నర్సు, గొట్టం అందిస్తూ. "రిపోర్టు వస్తుందిగా, తేలిపోతుంది."

మెట్ల మలుపులో ఆయా ఆగింది. అంకె తక్కువొస్తే ఆ మాట అత్తగారిది. ఎక్కువొస్తే విషానిది. గ్లాసు కిటికీ గట్టు మీద పెట్టింది. గొట్టాన్ని గుప్పిట్లో బిగించి మెట్టు మీద కూర్చుంది. అది వెచ్చబడేదాకా లేవలేదు.

ల్యాబు ఆవిడ గొట్టం ముట్టుకోగానే మొహం చిట్లించింది. "ఐసేదమ్మా? ఇన్నేళ్ళ నుంచి తెస్తున్నావు, నీకూ చెప్పాలా? ఇది పనికిరాదు. మళ్ళీ తీయించుకురా," అని వెనక్కిచ్చేసింది.

ఆయా పైకొచ్చేసరికి మంచం చుట్టూ తెర లాగి ఉంది. బయట చిన్నకోడలు కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడుస్తోంది.

"ఎక్కడికెళ్ళిపోయావక్కా? పెద్దదేదీ, పెద్దదేదీ అంటూనే పోయింది."

ఆయా నర్సు వైపు తిరిగింది. "రక్తం మళ్ళీ తియ్యమన్నారు."

"ఇంకెందుకమ్మా," అంది నర్సు.

ఆ అడిగింది అత్తగారో, విషమో. గొట్టం ఇంకా ఆయా గుప్పిట్లోనే ఉంది. మెట్ల మలుపులో, కిటికీ గట్టు మీద, స్టీలు గ్లాసుకి బయట చెమ్మ పట్టింది. లోపల ఐసు ముక్కలు సగం కూడా కరగలేదు.